మంచు పడని రోజు

మిస్తి కొండ నెత్తిన మంచు పడితే అరెకీపా ఊళ్లో అందరికీ తిక్క రేగుతుంది. ఆ పూట ఎవరు ఎవర్ని తిట్టినా తప్పు కొండదే. అందుకే హసింతో అనే ఆసామి రోజూ పొద్దున్నే కిటికీ తెరిచి, కొండను చూశాకే పెళ్లాం ఫెలీసాతో మాట్లాడతాడు.

ఇవాళ శిఖరం నల్లగా, బోసిగా ఉంది. ఆ ధైర్యంతోనే మధ్యాహ్నం, ఆమె మాంసం కూరి వండిన రొకోతో అనే లావుపాటి మిరపకాయ కొరికి నోరు తెరిచాడు.

"కారం కాస్త ఎక్కువైందే, ఫెలీసా."

గరిటె గోడకి తగిలి ఖంగుమంది.

"అదేమిటే! కొండమీద చిటికెడు మంచు కూడా లేదుగా!"

"ఇటుపక్క లేదు. అటుపక్క చూశావా ఏంటయ్యా? వెళ్లి చూసిరా, పో! దారిలో తినడానికి ఇంకో రెండు మిరపకాయలు మూటగట్టిస్తా."