మూడు గాట్ల పార

మా ఆయన నెవిల్ మెటల్ డిటెక్టర్‌తో ఊరి పొలాల్లో వెతికి, తవ్వి తెచ్చిన పాత నాణేలను కడగడం ముప్పై ఏళ్లుగా నా ఆదివారపు పని. గుమ్మంలో బూట్లు విడిచి, అన్నిటినీ వంటింటి సింకులో కుమ్మరిస్తాడు. పాత టూత్‌బ్రష్‌తో నేను రుద్దుతాను. శుభ్రమైనవి అతని పేరున్న డబ్బాల్లోకి వెళతాయి.

"నీ చేతులు మెత్తన, ఆవిస్. ఈ పనికి నువ్వే కరెక్టు" అంటాడు. మెచ్చుకుంటూ పని అంటగట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

మొన్న నా అరవయ్యో పుట్టినరోజుకి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. దాన్ని విప్పకుండానే పక్కన పెట్టి, "ఇది వద్దు, నీ పాత డిటెక్టర్ ఇవ్వు" అన్నాను.

పగలబడి నవ్వాడు. "ఈ వయసులో నీకెందుకే ఆ బురద?"

"బురద నాకు కొత్తా?"

నాకు కావలసింది నాణేలు కాదు, అమ్మ పార. నా చిన్నప్పుడు అమ్మ ఊరి ఆడవాళ్లతో కలిసి పెద్దకాలువ పక్క చేలో బీట్ దుంపల మొలకల్ని పారతో పలచన చేసేది. టీ వేళ పారలన్నీ కంచెకు ఆనించేవారు. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరూ పార రేకు మెడ మీద ఆకురాయితో గాట్లు పెట్టుకునేవారు. అమ్మవి మూడు. "ఒకటి నీకు, ఒకటి నాకు. మూడోది ఎవరికీ చెప్పను" అనేది. ఆ ఆడవాళ్ల మధ్య అమ్మ నవ్వినంత గట్టిగా మా ఇంట్లో ఎన్నడూ నవ్వలేదు. ఒకరోజు పార రేకు కర్ర నుంచి ఊడి, ఎటో ఎగిరిపోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. "పార కూడా చూసుకోలేనిదానివి, ఇంట్లో పడుండు" అన్నాడు నాన్న. అంతే, అమ్మ మళ్లీ చేలోకి వెళ్లలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది.

పొలంలో దిగాలంటే రైతు అనుమతి కావాలి. ఆ చేను ఇప్పుడు హోరస్ గారిది. ఆయన తలుపు నేనే తట్టాను.

"నెవిల్‌ని అడిగావా?" అన్నాడాయన.

"పొలం మీదా, నెవిల్‌దా?"

ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు. "సరే పో. ఆదివారం ఒక్కరోజే. సోమవారం గోధుమ విత్తేస్తాం."

ఆదివారం పొద్దున పాత డిటెక్టర్ నా చేతికిచ్చి, నెవిల్ వేరే చేనికి వెళుతూ పాఠం చెప్పాడు. "ఇనుము మోత వినపడకుండా ఈ బటన్ నొక్కే ఉంచు. ఇనుమంటే వట్టి చెత్త." మధ్యాహ్నం దాకా బుద్ధిగా విన్నాను. కూల్‌డ్రింకు డబ్బాల మూతలు దొరికాయి. ఉన్నట్టుండి నా మీద నాకే కోపం వచ్చింది. పార ఇనుముదే కదా! బటన్ వదిలేశాను. చెవుల నిండా గురగుర. మేకులు, బోల్టులు, గుర్రపు నాడా. తవ్విన ప్రతి గుంతా పూడ్చుకుంటూ కాలువ గట్టు దాకా వెళ్లాను. పొద్దు వాలుతుండగా అరచేతి వెడల్పు తుప్పు రేకు ఒకటి పైకొచ్చింది. బొటనవేలితో దాని మెడ రుద్దాను. ఒకటి, రెండు, మూడు. మోకాళ్ల మీదే కూర్చుని ఏడ్చాను.

ఇంటికెళ్లేసరికి సింకులో నెవిల్ నాణేలు ఎదురుచూస్తున్నాయి. నా చేతిలోది చూసి, "ఆ తుప్పు బకెట్లో పడేసి ముందు ఇవి కడుగు" అన్నాడు.

నాణేలు తీసి అతని టోపీలో పోశాను. ఖాళీ అయిన సింకులో పార పెట్టాను.

"బ్రష్ కిటికీలో ఉంది నెవిల్, నీ నాణేలు నువ్వే కడుక్కో. వచ్చే ఆదివారం నేనుండను."

"ఎక్కడికి పోతావ్?"

"అది నా మూడో గాటు."