నాలుగు గంటల దూరం

రేపల్లె బజారులో బట్టలు కుట్టే రెహమాన్‌కి కువైట్‌లో దర్జీ పని దొరికింది. భార్య జహీరాని నిజాంపట్నం దగ్గర పుట్టింట్లో దింపి, డెబ్భై ఏడు నవంబరులో ఒక శనివారం పొద్దున తెనాలిలో మద్రాసు బండెక్కాడు. ఆదివారం సాయంత్రం మద్రాసులో విమానం. బొంబాయిలో ఇంకోటి మారాలి. సోమవారం దాటితే వీసా చెల్లదు.

ఎదురు సీట్లో వెంకటప్పయ్యగారు కూర్చున్నారు. బాపట్ల కాలేజీలో గుమాస్తా.

"బొంబాయి నుంచి కువైట్ ఎంత దూరమండి, బాబాయిగారూ?"

"రెండువేల ఏడొందల కిలోమీటర్ల పైమాటే. నాలుగు గంటల్లో దించేస్తాడు."

"నాలుగు గంటలేనా!" అన్నాడు రెహమాన్. రేపల్లె నుంచి తెనాలి రావడానికే గంటన్నర పట్టింది మరి.

నిడుబ్రోలు దాటాక బండి ఆగింది. పట్టాల మీద చెట్టు పడిందన్నారు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. సాయంత్రానికి పెట్టె ఊగిపోతుంటే కిటికీలు దించి, తలుపులు బిగించి, అందరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని కూర్చున్నారు.

తెల్లారి చూస్తే పట్టాలకి రెండు పక్కలా నీళ్లే. ముందూ వెనకా కట్ట కోసుకుపోయింది. పెట్టెలో కాలు చాపుకునే చోటు లేదు, పిల్లల ఏడుపు, చెమట కంపు. రెహమాన్ మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. ఈపాటికి మద్రాసులో దిగాలి. ఈపాటికి విమానం దగ్గరికి రమ్మంటారు. సాయంత్రం ఆరింటికి ఉన్నట్టుండి లేచి తలుపు గొళ్లెం లాగాడు.

"నడిచి పోతా. జరగండి!"

వెంకటప్పయ్యగారు చొక్కా పట్టుకుని వెనక్కి గుంజారు. "ఎక్కడికి పోతావయ్యా ఆ నీళ్లల్లో? విమానం లేచిపోయుంటుంది. కూర్చో."

కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు.

సోమవారం పొద్దున నీళ్లు తీశాయి. పట్టాల వెంట రైల్వే కూలీలు వచ్చారు.

"మీరు నయమండి. నిజాంపట్నం వైపు ఉప్పెన వచ్చిందంట. మనుషులు కొట్టుకుపోయారంట."

రెహమాన్ గబుక్కున బండి దిగాడు. రెండు రోజులూ విమానం గురించే తలుచుకున్నాడు. ఆ గాలి జహీరా ఉన్న చోటా వీస్తోందని ఒక్కసారి కూడా తట్టలేదు. సామాను అక్కడే వదిలేసి వెనక్కి నడిచాడు. పొన్నూరు మీదుగా, కూలిన తాటిచెట్లు ఎక్కి దిగుతూ, చచ్చిన గొడ్లని తప్పుకుంటూ రేపల్లె చేరేసరికి రెండు రోజులు పట్టింది.

ఉప్పెన నుంచి బతికినవాళ్లని తెచ్చి ఉంచిన స్కూలు వరండాలో, జనం మధ్య, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది జహీరా. తాటిచెట్టుని కరుచుకుని బతికింది. చేతులు రెండూ చెక్కుకుపోయాయి. వాళ్లమ్మ గౌస్ బీ దొరకలేదు.

"వెళ్లలేదా?" అంది.

"లేదు."

"నా కోసం దిగిపోయి వచ్చారా?"

రెహమాన్ అవునన్నట్టు తలూపాడు. ఆ మనిషి ముఖం చూస్తూ ఇంకేం చెప్పగలడు?

కువైట్ నుంచి మళ్లీ కబురు రాలేదు. జహీరా మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది, తన కోసం విమానాన్ని వదులుకుని తుఫానులో నడిచొచ్చాడని. ఆ మాట మొదలుపెట్టగానే రెహమాన్, పనుందంటూ లేచి బయటికి వెళ్లిపోయేవాడు.