తెర చాటున సైదమ్మ

నేను ఒక చోట కుదురుగా వేలాడలేని తెరగుడ్డని. కిటికీ గాలి ఒకవైపు, ఫ్యాను గాలి ఇంకోవైపు లాగుతుంటే పొద్దస్తమానం కొట్టుకుంటూనే గడిపాను.

మగ్గం మీంచి దిగినప్పుడు నా రంగు లేత ఆకుపచ్చ. మొదట ఒక ఆఫీసులో అధికారి కుర్చీ వెనక కిటికీకి తగిలించారు. ఎండ పడకూడదని అన్నారుగానీ, ఆయన కునుకు ఎవరి కంటా పడకుండా చూడటమే నా అసలు ఉద్యోగం. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయనకి నా రంగు నచ్చలేదు. మడిచి బీరువా మీద పడేస్తే, మిరప చేల మధ్య ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం నర్సు సుగుణమ్మ అడిగి తెచ్చుకుంది. పరీక్ష చేసే మంచానికి అడ్డంగా తీగ కట్టి నన్ను వేలాడదీసింది.

నేను రాకముందు ఆడవాళ్లు నీరసమనో, నడుం నొప్పనో చెప్పి బిళ్లలు తీసుకుని పోయేవాళ్లట. నేను వచ్చాక అసలు మాటలు బయటికొచ్చాయి. మనుషులు చిత్రమైనవాళ్లు. ఒక గుడ్డముక్క అడ్డం పెడితే చాలు, గోడ కట్టినట్టే నమ్ముతారు. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లకి ప్రతి మాటా వినపడుతుందని నాకు తెలుసు. చెబుదామంటే నాకు నోరు లేదు.

సైదమ్మ వచ్చింది మిరపకోతల రోజుల్లో. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. నా అంచు పట్టుకుని నిలబడితే ఆమె వేళ్ల మీది మిరప ఘాటు నాకంటింది.

"ఆపరేషనుకి రక్తపరీక్ష కాయితం కావాలంట సిస్టరుగారూ. శుక్రవారం టౌన్లో గర్భసంచి తీసేస్తున్నారు."

సుగుణమ్మ చేతిలో పెన్ను ఆగింది. "నీకా? ఎందుకే?"

సైదమ్మ బయటికొకసారి చూసి నా చాటుకి వచ్చింది. ఎనిమిది నెలల నుంచి తెల్లబట్ట అవుతోందని చెప్పింది. వాసన, దురద, పొత్తికడుపులో పోటు. మొదట వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. ఎవరితోనూ అనలేదు. చేలో వంగితే కళ్లు తిరగటం మొదలయ్యాక భర్త గోవిందు టౌనుకి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు పొట్ట మీద చెయ్యేసి నొక్కి, సంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సరవుద్ది అన్నాడు.

"తీసేస్తే పీడా పోద్దన్నాడు మా ఆయన కూడా."

"గురువారం మా డాక్టరమ్మ వస్తుంది. ఆమె చూసిందాకా నువ్వు ఎక్కడికీ కదలొద్దు."

గురువారం డాక్టరమ్మ పరీక్ష చేస్తున్నంతసేపూ సైదమ్మ కళ్లు గట్టిగా మూసుకుని నా అంచుని గుప్పిట్లో నలిపింది.

"సంచికేం కాలేదమ్మా. ఇన్ఫెక్షను. మందులతో తగ్గిపోతుంది. కానీ నీతోపాటు నీ భర్త కూడా వాడాలి. లేదంటే నీకు మళ్లీ అంటుకుంటుంది."

శుక్రవారం ప్రయాణం ఆగింది. సైదమ్మ బిళ్లలన్నీ మింగింది. గోవిందు మాత్రం "ఆడరోగానికి మగాడికి మందేంది?" అని తన పొట్లాన్ని చూరులో దోపాడట. ఆమెకి తగ్గినట్టే తగ్గి, నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఈసారి అతనే ఆటో మాట్లాడాడు, ఆపరేషను చేయించేద్దామని.

ఆ ఆటోని సైదమ్మ ఉపకేంద్రం ముందు ఆపించింది. విసవిసా లోపలికొచ్చి నా చాటున నిలబడింది. గోవిందు నాకు ఇవతలే ఆగిపోయాడు.

"నువ్వు మందు మింగందే నేను టౌనుకి రాను. నీ పక్కలోకీ రాను," అంది. గట్టిగానే అంది. బయట బల్ల మీద మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

గోవిందు గబుక్కున నన్ను తోసుకుని లోపలికి దూరాడు. మొహం నిండా చెమట. "నెమ్మదిగా మాట్లాడవే!" అని, సుగుణమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సిస్టరుగారూ... నాక్కూడా మంటగా ఉంటోంది. ఒంటికి పోయేటప్పుడు."

"ఎన్నాళ్ల నుంచి?" అడిగింది సైదమ్మ.

"ఏడాది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను కొట్టుకుంటూనే ఉన్నాను. 

"నా కడుపు కోయించటానికి ఆటో మాట్లాడావు," అంది సైదమ్మ చివరికి. "ఈ ఒక్క మాట చెప్పటానికి సిగ్గేసిందా నీకు?"

గోవిందు సుగుణమ్మ ఇచ్చిన బిళ్లలు అక్కడే, నిలబడే మింగాడు. సైదమ్మ ఒక్కతే ఆటో ఎక్కి, ఇంటికి పోనివ్వమంది. అతను నడిచి వెళ్లాడు.

మూడు నెలలకి ఆమెకి పూర్తిగా నయమైంది. భర్తని క్షమించిందో లేదో నా చాటున ఎప్పుడూ చెప్పలేదు. కోతల్లో తోటివాళ్లని మాత్రం ఒక్కొక్కరినే వెంటబెట్టుకొచ్చేది.

ఇప్పుడు అక్కడ తలుపున్న గది కట్టారు. నన్ను ముక్కలు చేసి బల్లలు తుడుస్తున్నారు. మంచిదే, తలుపు మాటని బయటికి పోనివ్వదు. కానీ ఆ తలుపు ఒక్క పూట ఆలస్యమైంది. నన్ను విప్పిన రోజు పొద్దున సైదమ్మ తెచ్చిన ఒకామె నా చాటుకొచ్చి, చెప్పబోయి, బయట ఎవరో దగ్గితే ఉలిక్కిపడింది. "ఏం లేదులెండి" అని గబగబా వెళ్లిపోయింది. సైదమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనకే పరిగెత్తింది. అందుకుందో లేదో తెలియదు. అప్పటికే నా తీగ విప్పుతున్నారు.