కట్టి ఉంచిన వాక్యం

"అన్నం కిరసనాయిలు కంపు కొడుతోందే అమ్మాయ్" అంది అత్తగారు వెంకటనరసమ్మ, కంచం పక్కకి జరుపుతూ. ఏం చేస్తుంది గంగారత్నం? కిరసనాయిలుతో తోమితే గాని వేళ్ళ సందుల్లో అచ్చు మసి వదలదు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె భర్త సూర్యనారాయణ ఏలూరులో ఓ వారపత్రిక మొదలెట్టాడు. కంపోజిటరు మానేసి తణుకు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి దానికి అక్షరాలన్నీ ఆమే పేరుస్తోంది. "ఇంట్లో ఖాళీగా కూర్చునేదానివేగా" అన్నాడాయన అప్పట్లో. ఖాళీయట! పొయ్యి దగ్గర ఒక కాలు, అచ్చుగదిలో ఒక కాలు పెట్టుకుని బతుకుతున్న మనిషి ఆ ఖాళీ ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంది.

ఆదివారం వరండాలో విలేఖరులకి పాఠం. భీమడోలు నుంచి, ఉండి నుంచి, కొల్లేటి లంకల నుంచి వస్తారు. "విన్నది రాయకండి. కళ్ళారా చూసినవాళ్ళని పట్టుకోండి, పేరు అడగండి. పేరు లేని మాట పుకారు" అని సూర్యనారాయణ చెబుతుంటే వాళ్ళు రాసుకుంటారు. మజ్జిగ అందిస్తూ ఆమె కూడా వింటుంది. పోయినవారం పత్రికలో ఏదో తప్పు పడిందని వాళ్ళందరి ముందూ చెక్కబద్దతో ఆమె వేళ్ళ మీద కొట్టాడు. అందరూ తలలు దించుకున్నారు. ఒకడు మాత్రం అదీ పాఠమే అనుకున్నాడో ఏమో, నవ్వాడు.

ఈ ఆదివారం లంకల విలేఖరి కొండయ్య ఒక కబురు తెచ్చాడు. చేపలమ్ముకునే పాపాయమ్మ కొల్లేట్లో శవమై తేలింది.

"కారణం?" అన్నాడు సూర్యనారాయణ.

"కడుపునొప్పని వాళ్ళాయన చెప్పాడండి."

"మనకి కట్టి ఉంచింది ఉందిగా. రత్నం, పేరు చేర్చి పెట్టెయ్."

కట్టి ఉంచింది అంటే ఒక వాక్యం. మాటిమాటికీ కావలసి వస్తోందని, దాని సీసపు అక్షరాలు విడదీయకుండా దారం చుట్టి అలమరలో ఉంచారు. ‘కడుపునొప్పి తాళలేక’ అని మొదలవుతుంది, ‘నీటబడి మరణించెను’ అని ముగుస్తుంది. మధ్యలో పేరు పట్టేంత చోటు.

గంగారత్నం దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. మొన్న శుక్రవారమే పాపాయమ్మ బుట్ట దించి ఈ ఇంటి వాకిట్లో కూలబడింది. పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది. "ఆడు నన్ను చంపేత్తాడమ్మగారూ. అయ్యగారు పేపర్లో రాత్తే భయపడతాడేమోనండి" అంది. ఆ మాట ఈమె భర్తతో చెప్పింది. "మొగుడూ పెళ్ళాల గొడవలు వార్తలు కావు" అన్నాడు. ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి కొత్తా? ఊరుకుని ఊరుకుని, ఈ మధ్య నూతి దగ్గర నీళ్ళకి వెళ్ళినప్పుడు అవసరానికి మించి నిలబడుతోంది. ఎందుకు నిలబడుతోందో తెలుసు. తెలిసే భయపడుతోంది.

వేళ్ళు వాటంతటవే ఆ చోటులో అక్షరాలు పేర్చాయి. అద్దంలోలా తిరగబడిన ఆ వరుసను ఆమె అలవాటుగా చదివింది. కడుపునొప్పి తాళలేక గంగారత్నం నీటబడి మరణించెను. ఎక్కడా తడబడలేదు. ఇంకేమీ మార్చనక్కర్లేదు. రేపు తను పోయినా ఆయన అలమరలోంచి తీసి పెట్టుకుంటాడు, పై ఆదివారం పాఠం మామూలుగానే జరుగుతుంది.  ఆమెకి ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి కోపం వచ్చింది.

దారం తెంపింది. ముందు తన పేరు, తర్వాత మిగిలినవి, అన్నీ విడదీసి ఎక్కడి అక్షరాలు అక్కడి అరల్లో వేసేసింది.

"ఎంతసేపు?" అంటూ సూర్యనారాయణ గుమ్మంలోకి వచ్చాడు. "అదేదీ?"

"విప్పేశానండి."

"మతిపోయిందా? మళ్ళీ కావాలంటే?"

"ఎవరికి కావాలండీ?"

 ఆమె ఆయన్ని దాటుకుని వరండాలోకి నడిచింది.

"కొండయ్యగారూ, రాసుకోండి. పాపాయమ్మని మొగుడు కొట్టేవాడు. శుక్రవారం పెదవి చిట్లి మా వాకిట్లో కూర్చుంది. చంపేస్తాడని తన నోటితోనే చెప్పింది."

"లోపలికి నడు" అన్నాడు సూర్యనారాయణ వెనకనుంచి.

"చూసినవాళ్ళ పేరు కావాలి కదండీ" అంది ఆమె, మసి వేళ్ళు దాచుకోకుండా. "గంగారత్నం అని రాయండి."