నలభై ఒకటో పొయ్యి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. హనుమండ్లు ముందు రచ్చ గెలవబోయాడు. ఆ సంగతి తలుచుకుంటే వాడి మీద కోపమొస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది.

వేములవాడకు ఆరేడు మైళ్ల దూరంలోని ఆ నేతపల్లెలో, ఎనభై ఆరో సంవత్సరంలో, యువజన సంఘానికి వాడే అధ్యక్షుడు. ఇరవై మూడేళ్లవాడు. పగలు మరమగ్గం నడిపేవాడు, సాయంత్రం సంఘం వాళ్లను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి పొగలేని పొయ్యిలు కట్టేవాడు. వంటచెరకు కోసం కొట్టీ కొట్టీ ఊరి గుట్ట బోడిగుండై పోయింది మరి. కొత్త పొయ్యికి సగం కట్టెలు చాలు. పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. "మొగపోరడు పొయ్యిలు అలుకుతుండు సూడుండ్రి" అని మొదట్లో ఊరంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండింది. నవ్విన ఇళ్లే తర్వాత వరస కట్టాయి.

వాడు పెట్టిన నియమం ఒక్కటే. పొయ్యి కావలసినవాళ్లు మట్టి, ఊక, పెండ కలిపి తొక్కి, తడి గోనె కప్పి ఉంచాలి. రోజూ నీళ్లు చల్లాలి. "మట్టి ఎండిందా, మళ్ల మొదటికే అత్తది. మట్టి తయారున్న ఇంటికే గొట్టం" అని ఇంటింటా చెప్పాడు.

సర్కారు నుంచి నలభై గొట్టాలు వచ్చాయి. వాడి తల్లి శంకరవ్వకు అప్పటికే పాత దగ్గు. నూలు కండెలు చుడుతూ దగ్గేది, పొయ్యి ముందు కూర్చుంటే ఊపిరాడకుండా దగ్గేది.

"అవ్వా, ముందుగాల మనదే కడతనే" అన్నాడు హనుమండ్లు.

"పిసలేశిందా బిడ్డా? అధ్యక్షుడు ఇంట్లనే మొదలు వెట్టుకున్నడంటరు. ఊరందరిదైనంక మనది."

నిజానికి వాడు వినాలనుకున్న మాటే అది. మంచివాడన్న పేరు కల్లు కంటే ఎక్కువ ఎక్కుతుంది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు వాడు.

శ్రావణం ముసురులో ఒక్క గొట్టం మిగిలింది. మట్టి సిద్ధం చేసుకున్న ఎదురింటి ఐలవ్వ దానికోసం వచ్చి అడిగింది. సంఘంలో వాడి కుడిభుజం బాలమల్లు వాణ్ని పక్కకు లాగాడు.

"అరే, గిది మీ అవ్వకు వెట్టురా. గా దగ్గు ఇనవడ్తలేదా నీకు?"

"మా అవ్వ అడుగలేగదరా. మట్టి సుత నానవెట్టలే. నా ఇంట్ల వెట్టుకుంటే రేపు ఊళ్లె తల ఎట్లెత్తుకోవాలె?"

గొట్టం ఎదురింటికి వెళ్లింది. కొడుకు ఆ సంగతి చెబితే శంకరవ్వ చేతిలోని కండె పక్కన పెట్టింది. "కానియ్యి బిడ్డా. మల్ల అత్తయి గదా" అంది.

మళ్లీ వచ్చేదాకా ఆమె ఆగలేదు. పదిహేను రోజులకు ఒక పొద్దున, తడి కట్టెలు ఊదుతూ ఊదుతూ దగ్గు తెర వచ్చి పక్కకు ఒరిగింది. ఆస్పత్రికి బండి కట్టేలోపే ప్రాణం పోయింది.

చావైన ఇంట్లో పొయ్యి ముట్టించరు. దహనం చేసి వచ్చాక ఇరుగుపొరుగు వాళ్లే అన్నం పట్టుకొచ్చారు. ఐలవ్వ ఏడుస్తూనే ముద్ద కలిపి నోటికందించింది.

"జర తిను బిడ్డా. నువ్వు కట్టిన పొయ్యి మీదనే అండిన."

ఆ అన్నానికి పొగ వాసన లేదు. పుట్టినప్పటి నుంచి వాడు తిన్న ప్రతి ముద్దకూ ఆ వాసన ఉంది. అది అవ్వ చేతి వాసన అనుకునేవాడు. ఇక చాలని లేచాడు.

మూతి కడుక్కుందామని దొడ్లోకి వెళ్లాడు. చూరు కింద, కట్టెల చాటున, గోనె కప్పిన కుప్ప ఒకటి కనిపించింది. నలభై ఇళ్ల దొడ్లు వెతికి చూసినవాడు తన ఇంటి దొడ్లోకి ఒక్కసారీ తొంగిచూడలేదు. గోనె ఎత్తాడు. మట్టి, ఊక, పెండ. రాయి ఏరి, మెత్తగా తొక్కిన ముద్ద. పక్కనే నీళ్ల చెంబు. వేలు గుచ్చితే లోపలిదాకా దిగింది. నిన్న పొద్దున కూడా నీళ్లు చల్లింది ఆమె.

ఎంతకీ రాకపోయేసరికి బాలమల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మట్టి ముందు కూలబడి ఉన్న హనుమండ్లు తలెత్తి చూశాడు.

"అవ్వ అడిగిందిరా" అన్నాడు. "దినాం అడిగిందిరా."