దూపకు నీళ్లు

అలియాబాద్‌లో పాత పటేలు బంగళాకు ఎరుపూ నీలం బోర్డు తగిలించి ఠాణా చేశారు సినిమావాళ్లు. రెండువేల ఒకటి, ఎండాకాలం. ఠాణా ముందు కూర్చుని ఏడ్చే ఆడవాళ్లు కావాలంటే ఊరివాళ్లు బాలమణిని పిలుచుకొచ్చారు. ఏడుపు నేర్పాల్సిన పని లేని మనిషి మరి!

మూడేళ్ల కింద ఆమె కొడుకు ఐలేశును, అడవిలో అన్నల్లో, నక్సలైట్లలో కలిశాడని పోలీసులు పట్టుకుపోయారు. ఆ అసలైన ఠాణా దగ్గర ఆమెను గేటు దాటనివ్వలేదు. చివరికి శవాన్ని మూటగట్టి ఇచ్చి, కట్టు విప్పితే మర్యాద దక్కదన్నారు. పోయే ప్రాణానికి నోట్లో నీళ్లు పోయడం కన్నవాళ్ల వంతు. అదీ దక్కలేదు. అప్పటినుంచి చెంబెత్తిన ప్రతిసారీ బాలమణికి ఒకటే రంధి, బిడ్డ గొంతెండి దూపతోనే పోయాడేమోనని.

సినిమాలోనూ ఒక కుర్రాణ్ణి తాళ్లతో కట్టేశారు. కాల్చడానికి తీసుకుపోయే ముందు ఒక కానిస్టేబులు జాలిపడి నీళ్లు తాగిస్తాడు. ఆ వేషానికి హోంగార్డు వెంకటనర్సయ్యను పెట్టుకున్నారు. సొంత డ్రెస్సుంది, సెల్యూట్ వచ్చు. బాలమణి చూడగానే పోల్చుకుంది. ఆనాడు గేటు దగ్గర తనకు లాఠీ అడ్డం పెట్టింది ఇతనే.

టేకు మీద టేకు. వెంకటనర్సయ్య చెంబు వంచినప్పుడల్లా నీళ్లన్నీ కుర్రాడి మెడ మీద పోతున్నాయి. డైరెక్టరుకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, నీళ్లు తాగించడం కూడా రాదా? స్టేషన్లో ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదా?"

"లేదు సార్. అడిగినా ఇయ్యొద్దనేటోళ్లు పెద్దసార్లు. నేను గోడ దిక్కు తిరిగి నిలబడేటోణ్ణి."

గుమ్మం ముందున్న బాలమణికి ప్రతి మాటా వినబడింది. ఆ పాడుదేవుడు ఆమె చెవులు ముందే మూసేసి ఉంటే ఎంత బాగుండేది!

భోజనాల వేళ ఆమె అతని దగ్గరికి పోయింది. విన్నాక మళ్లీ అడగడమెందుకని కాళ్లు వెనక్కి లాగాయి. కానీ తల్లి మనసు వింటుందా?

"నన్ను గుర్తువట్టినవా, సారూ?"

అతను విస్తరి పక్కన పెట్టేశాడు. "ఐలేశు తల్లివి గదా."

"కడపటికి నా కొడుకు నోట్లె ఇన్ని నీళ్లు వడ్డయా?"

వెంకటనర్సయ్య నేలచూపులు చూశాడు. "పడ్డయమ్మా. నేనే పోసిన."

అబద్ధం. చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. కానీ ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అంతమంది ఖాకీల్లో ఆమెకు ఊరటగా ఒక్క మాటైనా ఇచ్చినవాడు ఇతనొక్కడే. అబద్ధమే కానీ, దాన్నీ పారేసుకుంటే ఇక ఆమెకు మిగిలేదేముంది?

"సల్లటియేనా?" అని అడిగింది.

"కుండ నీళ్లే."

"మంచిగ తాగిండా?"

"మస్తు తాగిండమ్మా."

బాలమణి తలూపి, వెళ్లి మళ్లీ ఠాణా ముందు కూర్చుంది. ఈసారి వెంకటనర్సయ్య ఒక్క చుక్క ఒలకకుండా పోశాడు. కుర్రాడు గుటకలు వేస్తుంటే ఆడవాళ్లంతా చెప్పినట్టు ఏడ్చారు. బాలమణికి ఏడుపు రాలేదు. ఆ గొంతు కదలడమే చూస్తూ ఒళ్లు మరిచిపోయింది.

"మెల్లగ తాగు బిడ్డా, జల్దీ ఏం లేదు," అనేసింది పైకే.

"కట్! ఎవరది మధ్యలో?" అని డైరెక్టరు అరిచాడు. వెంకటనర్సయ్య కుర్రాడి నోటి దగ్గరనుంచి చెంబు తీసేశాడు.