బిగబట్టిన పిచ్చుక

ఆ నాలుగు రోజులూ దర్జీకి పని మీద మనసు నిలవలేదు. అతని రెండున్నరేళ్ల కూతురు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, ఆదివారం నుంచి దొడ్డికి వెళ్లలేదు. భార్య బస్సు కండక్టరు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే సాయంత్రానికి గాని రాదు. అందాకా పిల్లా, కుట్టుమిషనూ రెండూ అతని పాలే.

పిచ్చుక గుడ్డముక్కలతో ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి లేచి తలుపు పరదా వెనక్కి చేరేది. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు మెలిపెట్టి, మొహం కందగడ్డలా చేసుకునేది. అతను ఒక్క ఉరుకున వెళ్లి ఎత్తుకొచ్చి, టాయిలెట్ మీద కూర్చోబెట్టి, "ముక్కమ్మా, ఇంకాస్త ముక్కు" అని బతిమాలేవాడు. పిల్ల కర్రలా బిగుసుకుపోయి ఏడుపు లంకించుకునేది. అన్నం ముద్ద పెడితే ఉమ్మేసేది. పాలైనా కడుపులో పడనీ అని అడిగినప్పుడల్లా గ్లాసు నింపేవాడు.

బుధవారం అత్తగారు ఫోన్ చేసి, "సబ్బు ముక్క పెట్టు బాబూ, చిటికెలో అయిపోతుంది" అంది. అతను సన్నగా ఒక ముక్క కోశాడు కూడా. పిల్ల కళ్లు చూశాక చెయ్యి ఆడలేదు. మర్నాడు పొద్దున్నే పిల్లను భుజాన వేసుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి నడిచాడు.

అతను చెప్పిందంతా విని, ఆవిడ పిల్ల పొట్ట నొక్కి చూసింది. "కిందటిసారి గట్టిగా వచ్చిందా?"

"రాయిలా వచ్చిందమ్మా. కాస్త రక్తం కూడా కనబడింది. హడలిపోయి నేనే కేకేశాను."

"చిన్న చీలిక పడిందిలే, మానిపోతుంది. కానీ ఆ నొప్పి దానికి గుర్తుండిపోయింది. పరదా వెనక ముక్కుతోందనేగా నువ్వనుకున్నావు? అది ముక్కడం కాదయ్యా. రాకుండా బిగబట్టుకుంటోంది."

దర్జీ పిల్ల వీపు నిమిరాడు. ఇన్నాళ్లూ పిల్ల భయంతో పోట్లాడుతుంటే, తను అవతలి పక్షాన చేరి కేకలు పెట్టాడన్నమాట.

"ఈ సిరప్ మెత్తబరుస్తుంది. రాసిచ్చినంతే పట్టు, అవ్వగానే మానెయ్యకు. పాలు రెండు గ్లాసులు చాలు. నీళ్లూ పళ్లూ పెట్టు. తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వెయ్యి. వచ్చిందా వచ్చిందా అని ప్రాణం తియ్యకు. సబ్బూ గిబ్బూ జోలికి పోకు. వాంతులైనా, పొట్ట మరీ ఉబ్బినా వెంటనే తీసుకురా."

శుక్రవారం ఏమీ కాలేదు. అతను అడగలేదు, అడగకుండా ఉండటానికి నోట్లో దారం పెట్టుకుని కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నం బొప్పాయి ముక్కలు తినిపించి, పిల్లను కూర్చోబెట్టి, పాదాల కింద పీట వేశాడు. ఎదురుగా నేల మీద చతికిలబడి, అరచేతిలో పట్టుగుడ్డ పేలిక ఒకటి పెట్టుకుని, "ఊదు" అన్నాడు. పిచ్చుక ఊదింది. అది ఎగిరి అతని ముక్కు మీద వాలింది. పిల్ల కిలకిలా నవ్వి ఇంకోటి ఊదింది. మూడోది ఊదుతూ ఊదుతూ ఆగి, అతని కాలరు గట్టిగా పట్టుకుంది. 'ముక్కు' అనే మాట నాలుక చివరిదాకా వస్తే పళ్లబిగువున ఆపుకున్నాడు.

కింద నీళ్లలో చప్పుడైంది. తర్వాత ఇంకొకటి.

"పడింది" అంది పిచ్చుక, ఆశ్చర్యంగా.

"నొప్పి పుట్టిందా తల్లీ?"

తల అడ్డంగా ఊపింది. "లేదు. ఇంకోటి పెట్టు, ఊదుతా."

చేతులు కడుక్కుని అతను భార్యకు ఫోన్ చేశాడు.

"అయింది."

"నిజంగానా? ఎంత?"

"బోలెడు."

అవతల బస్సు హోరు మధ్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే, "అన్నా, మా పిల్ల దొడ్డికెళ్లిందట" అని డ్రైవరుతో చెప్పడం వినిపించాయి. ముందు సీటులోంచి ఎవరో పెద్దావిడ, "చల్లని కబురు చెప్పావమ్మా" అంది.

అతనూ ఆ పూట కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కునేసరికి, కుట్టడానికిచ్చిన నల్లకోటు కోసం ఒక లాయరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాలేదండీ. ఇంకా చేతులే అతకలేదు" అన్నాడు దర్జీ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

లాయరు అతన్ని ఎగాదిగా చూశాడు. "పని కాలేదని ఇంత సంతోషంగా చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా" అని, సోమవారం వస్తానంటూ మెట్లు దిగాడు.